శాసనం సరే, గుట్ట సంగతేమిటి?

బొమ్మలమ్మగుట్ట మీది పద్యాలను మన వారసత్వం అంటున్నాం. ఆ పద్యాలను మోస్తున్న గుట్టల వరుసను మాత్రం ఘనమీటర్లలో కొలిచి లీజుకిస్తున్నాం. ఈ రెండు లెక్కలూ ఒకచోట కలవకపోతే చివరికి మిగిలేది చెక్కిన బండ ఒక్కటే.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల ఊరి పక్కనే బొమ్మలమ్మగుట్ట ఉంది. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడనే జైనుడు ఆ గుట్ట రాతి మీద చక్రేశ్వరినీ జిన మూర్తులనూ చెక్కించి, అక్కడే ఒక శాసనం వేయించాడు. కన్నడ ఆదికవి పంపడికి ఈయన సొంత తమ్ముడు. అన్నగారు వేములవాడ చాళుక్య ప్రభువు రెండో అరికేసరి ఆస్థానంలో కవి. శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింట్లోనూ సాగుతుంది. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి. నన్నయ భారతానికి సుమారు నూరేళ్ల ముందే తెలుగులో కందం నడిచిందని చెప్పే రాతి సాక్ష్యం ఇది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిన సందర్భంలోనూ, ఆ తర్వాతా ఈ గుట్ట పేరు పదేపదే వినిపించింది. ఇక్కడిదాకా సాహిత్యం చదువుకున్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. అదే శాసనంలో అంతగా ఎవరూ పట్టించుకోని మరో విషయం ఉంది. జినవల్లభుడు ఈ కొండ దగ్గర త్రిభువనతిలకమనే బసది కట్టించాడు, అన్నగారి బిరుదు మీద కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు. గుట్ట, గుడి, చెరువు, తోట అన్నీ ఒకే దాత చేతి మీదుగా ఒకే చోట ఏర్పడ్డాయి. గుట్టను దాని చుట్టూ ఉన్న నేల నుంచి విడదీసి చూడాలన్న ఆలోచన ఆ కాలానికి లేదు.

ఆ విడదీత మన కాలపు పని. ఇవాళ్టి ప్రభుత్వ కాగితాల్లో గుట్టకు రెండే రూపాలు. దాని మీద శాసనమో శిల్పమో కోటగోడో ఉంటే, ఆ ఉన్నంత మేర పురావస్తువు. లేకపోతే ఒక సర్వే నంబరు, దాని కింద ఇన్ని ఘనమీటర్ల చిన్నతరహా ఖనిజం. వాన నీటిని పట్టి చెరువుకు పంపే గుట్టకు, మేకలకు మేతా ఊరికి సీతాఫలమూ ఇచ్చే గుట్టకు, ఏటా జాతర జరిగే గుట్టకు ఈ రెండు గడుల్లోనూ చోటు లేదు. ఈ కథనం వాదించేది ఒక్కటే విషయం. కాపాడవలసింది గుట్ట మీది వస్తువును కాదు, గుట్టనూ దాని నీళ్లు పారే మేరనూ కలిపి ఒక్కటిగా. అలా చూడనంతకాలం శాసనాలూ నిలవవు, చెరువులూ నిండవు.

వంద మీటర్ల గీత

ముందు పురావస్తు రక్షణ ఎంత దూరం పనిచేస్తుందో చూద్దాం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఊరి నడుమ ఉన్న గుడికో మసీదుకో ఈ గీత బాగానే పనికొస్తుంది. గుట్ట విషయంలో మాత్రం చాలదు. గుట్టకు వృత్తాకారపు సరిహద్దు ఉండదు, దాని శిఖరపు వరుసే దాని సరిహద్దు. చెక్కిన బండ నుంచి కొలిచిన గీత అవతల, అదే రాతి పరుపులో, అదే పగుళ్ల వరుస మీద పేలుడు జరిగితే ఆ అదురు గీత దగ్గర ఆగదు. బొమ్మలమ్మగుట్టకు చుట్టుపక్కల గ్రానైట్ తవ్వకాల వల్ల ముప్పుందని చరిత్ర పరిశోధకులూ ఊరివాళ్లూ ఏళ్ల తరబడి మొత్తుకోవడం ఇందుకే. ఒకవేళ శాసనం చెక్కుచెదరకుండా మిగిలినా, చుట్టూ నేల గుంతలుగా మారితే జినవల్లభుడు చెప్పిన చోటు ఏదో చూపించలేం. చెరువు పేరు రాసిన రాయి ఉంటుంది, ఆ చెరువుకు నీళ్లిచ్చిన వాలు ఉండదు.

హైదరాబాద్ అనుభవమూ ఇదే చెబుతుంది. ఆ నగరపు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి మీద జంతువన్నది పుట్టకముందే గట్టిపడ్డ రాయి అది. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్, గచ్చిబౌలి పేర్లు విన్నప్పుడు ఇవాళ ఎవరికీ గుట్టలు గుర్తుకురావు. 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడి గట్టిగా పోరాడాక కొన్ని శిలలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఆ జాబితా లేకపోతే ఖాజాగూడ ఫక్రుద్దీన్ గుట్ట లాంటివాటి గురించి మాట్లాడటానికి ఆధారమే ఉండేది కాదు. కాబట్టి జాబితా వల్ల మేలు జరిగింది. అయితే విడి విడి శిలలను ఎంచుకుని కాపాడే పద్ధతికి ఉన్న హద్దు కూడా అక్కడే బయటపడింది. అపురూపమైన ఆకారంలో ఉన్న గుండు మిగులుతుంది, దాన్ని అలా నిలబెట్టిన పరుపు బండ అపార్ట్‌మెంటు పునాదిలోకి పోతుంది. చుట్టూ ఏమీ లేకుండా మిగిలిన గుండు, ఆవరణలో పెట్టిన అలంకారంగా మారిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మరో రకం ఉదాహరణ దొరుకుతుంది. విశాఖపట్నం పక్కన తొట్లకొండ మీద 1988-93 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి బౌద్ధారామాన్ని వెలికితీసింది. సముద్రం ఒడ్డున కొండ మీద ఉండాలనుకున్న భిక్షువులు ముందు చేసుకున్న ఏర్పాటు నీళ్లు. వాన నీరు నిలవడానికి రాతిలో తొట్లు తొలిచారు. విహారాలూ స్తూపాలూ ఆ నీటి మీద ఆధారపడి నిలిచాయి. అంటే ఆ కట్టడాలను అర్థం చేసుకోవాలంటే కొండ మీద వాన ఎటు పారిందో తెలియాలి. కట్టడానికి గీత గీసి, వాలును వదిలేస్తే అర్థంలో సగం పోయినట్టే.

గుట్ట చేసే పని

ఇక చెరువుల సంగతి. తెలంగాణ నేల అడుగున ఉన్నది గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న శిథిల పొరలోనూ దాని కిందున్న పగుళ్లలోనూ. ఆ శిథిల పొర చాలాచోట్ల పది, ఇరవై మీటర్లకు మించదు. బియ్యపు గోనెలా లోపల ఎంతైనా పట్టే ఇసుక నేల కాదిది. కాబట్టి కురిసిన వానను మెల్లగా, సరైన చోట దింపడం ఇక్కడ ముఖ్యం. గుట్ట చేసేది ఆ పనే. నున్నటి పరుపు బండ మీద పడ్డ వాన ఇంకదు, జారుతుంది. కొంత దొనల్లో నిలుస్తుంది, మిగతాది గుట్ట మొదట్లో పేరుకున్న మొరం, రాళ్ల మట్టిలోకి దిగుతుంది. అక్కడి నుంచి కొంత పగుళ్ల వెంట బావులకు చేరుతుంది, కొంత ఒర్రెల వెంట కుంటకూ చెరువుకూ పారుతుంది. గుట్టను ఆనుకున్న పొలాల్లో బావులు ఊటగా ఉండటం రైతులకు కొత్త సంగతి కాదు. కాకతీయుల కాలపు పెద్ద చెరువులను చూసినా ఇదే కనిపిస్తుంది. పాకాల, లక్నవరం చెరువులకు కట్టలు గుట్టల నడుమ సందుల్లో పడ్డాయి. గుట్టలే సగం కట్ట, గుట్టలే నీటికి మూలం.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. తెలంగాణలో ఏడాది సగటు వాన 900 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. వంద ఎకరాల గుట్ట అంటే నాలుగు లక్షల చదరపు మీటర్ల పైచిలుకు. దాని మీద ఏడాదిలో పడే నీరు సుమారు 36 కోట్ల లీటర్లు. ఆవిరీ ఇతర నష్టాలూ పోగా అందులో మూడో వంతే కిందికి చేరిందని అనుకున్నా 12 కోట్ల లీటర్లు. ఒక ఎకరా వరి పంటకు యాభై లక్షల లీటర్ల దాకా పడుతుందనుకుంటే, ఇది పాతిక ఎకరాల వరికి సరిపడే నీరు. ఇది ఒక్క పంటకు కాదు, ఏటా. గుట్ట ఉన్నన్నాళ్లూ, ఎవరూ కరెంటు బిల్లు కట్టకుండా, పైనుంచి కిందికి దానంతటదే పారే నీరు.

ఇప్పుడు ప్రభుత్వ విధానంలోని వైరుధ్యాన్ని చూడండి. తెలంగాణ 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. 46 వేలకు పైగా చెరువులూ కుంటలూ బాగుచేయాలన్నది లక్ష్యం. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములూ అలుగులూ మరమ్మతు చేశారు. ఆ ఆలోచన మంచిదే, దాని ఫలితం పొందిన ఊళ్లూ ఉన్నాయి. అయితే చెరువుకు నీళ్లొచ్చే దారిని కట్ట దగ్గర మొదలుపెట్టి వెతికితే చివరికి గుట్ట వస్తుంది. ఒక శాఖ కింద పూడిక తీస్తుంటే, మరో శాఖ అనుమతితో పైన రాతిపొడీ ముక్కరాయీ ఒర్రెలోకి జారుతున్నాయి. చెరువు శిఖాన్ని, అంటే నీళ్లు నిలిచే నేలను, ఆక్రమిస్తే అడగడానికి చట్టముంది. చెరువుకు తలాపున ఉన్న గుట్టను చదును చేస్తే, అది చెరువుకు చేసిన హాని అని ఏ రికార్డులోనూ నమోదు కాదు.

అటువైపు వాదనలు

గ్రానైట్ తరఫున చెప్పే మాటలు బలమైనవే. మొదటిది, ఇల్లు కట్టాలన్నా రోడ్డు వేయాలన్నా రాయి కావాలి. నిజం. కంకర లేకుండా ఏ ఊరూ లేదు, ఎవరూ ఆ మాట అనడం లేదు. కానీ కరీంనగర్ గుట్టల నుంచి వచ్చే 'టాన్ బ్రౌన్', 'మేపుల్ రెడ్' దిమ్మెల్లో పెద్దభాగం మన రోడ్ల కోసం కాదు, నున్నగా సాన పట్టి పరచడానికి. వాటిలో చాలావరకు ముడి దిమ్మెలుగానే రైలెక్కి రేవులకు, అక్కడి నుంచి చైనాకు పోయాయి. సాన పట్టే పనీ, దాని మీద వచ్చే లాభమూ అక్కడికే పోయాయి. ఊరి అవసరానికి కొట్టే రాయినీ ఎగుమతికి కోసే దిమ్మెనూ ఒకే గాటన కట్టి 'అభివృద్ధికి రాయి కావాలి' అనడం సరైన వాదన కాదు. పైగా మంచి రాయి గుట్టల్లోనే దొరుకుతుందన్నదీ నిజం కాదు. ప్రపంచమంతా 'బ్లాక్ గెలాక్సీ' పేరుతో కొనే చీమకుర్తి రాయిని నేలను లోతుగా తొలిచే తీస్తున్నారు. ఆ గుంతలకూ వాటి నష్టాలు వాటికున్నాయి. కానీ ఎక్కడ తవ్వాలన్నది ఎంచుకునే వీలున్న విషయమని అవి చెబుతున్నాయి.

రెండో వాదన ఉపాధి, ఆదాయం. ఒడ్డెరలు తరతరాలుగా రాయి మీద బతుకుతున్నారు. గుట్టలన్నింటికీ తాళం వేస్తే మొదట ఆకలికి గురయ్యేది వాళ్లే. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు. అయితే ఒడ్డెరల చేతి పనికీ యంత్రాల క్వారీకీ మధ్య ఉన్న తేడాను లెక్కలోకి తీసుకోవాలి. సుత్తీ ఉలీ మేకులతో బండను చీల్చే పని ఒక గుట్టను తరాల తరబడి వాడుకుంది. డైమండ్ వైర్ సా, భారీ క్రేన్లు వచ్చాక అదే పని కొన్నేళ్లలో పూర్తవుతుంది, చాలా తక్కువ మనుషులతో. గుట్ట అయిపోయాక ఒడ్డెరకు రాయీ లేదు, పనీ లేదు. కాబట్టి ఒడ్డెరల పేరు చెప్పి పెద్ద లీజులను సమర్థించడం వాళ్లకు చేసే న్యాయం కాదు. స్థానిక అవసరాలకు చిన్న క్వారీలను వాళ్ల సంఘాలకే కేటాయించి, పెద్ద తవ్వకాలను వేరుగా విచారించడం న్యాయం. ఆదాయం సంగతికొస్తే, తవ్విన రాయి మీద ప్రభుత్వం వసూలు చేసే సీనరేజి ఘనమీటరుకు ఒక్కసారే వస్తుంది. చెరువుకు పోయిన నీరు ఏటా పోతుంది. ఖజానా లెక్కలో మొదటిది జమలో కనిపిస్తుంది, రెండోది ఖర్చులో కనిపించదు. ఖర్చు రాయని పుస్తకంలో ఏ వ్యాపారమైనా లాభంగానే ఉంటుంది.

మూడో వాదన కొంచెం చమత్కారమైనది. తవ్విన గుంతల్లో నీళ్లు నిలుస్తున్నాయి కదా, ఒక గుట్ట పోతే ఒక చెరువు వచ్చినట్టే కదా అంటారు. రెండూ ఒకటి కావు. చెరువు నీరు ఆయకట్టుకు పైన ఉంటుంది, తూము తీస్తే పారుతుంది. క్వారీ గుంత నీరు పొలానికి కింద ఉంటుంది, తోడితే తప్ప రాదు. చెరువుకు దిగే వాలు ఉంటుంది, పశువులు తాగి తిరిగొస్తాయి. క్వారీ గుంతకు నిలువు గోడలు, అందులో పడ్డవాళ్లు ఎక్కి రాలేరు. వేసవి సెలవుల్లో ఈతకు దిగిన పిల్లలు అలాంటి గుంతల్లో మునిగిపోయిన వార్తలు రెండు రాష్ట్రాల జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం.

నాలుగోది తరచూ వినిపించే మాట. ఇన్ని వేల గుట్టలున్నాయి, కొన్ని పోతే ఏమిటి? దీనికి రాజస్థాన్ ఆరావళి నుంచి జవాబు వచ్చింది. అక్కడ నమూనాగా తీసుకున్న 128 గుట్టల్లో 31 కనిపించకుండా పోయాయన్న నివేదిక 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కొన్ని కొన్ని అంటూనే నాలుగో వంతు పోయింది. 2025 నవంబరులో అదే ఆరావళికి, చుట్టూ ఉన్న నేల కన్నా వంద మీటర్లు ఎత్తున్నదే కొండ అన్న నిర్వచనాన్ని కోర్టు ఆమోదించింది. విమర్శలు చెలరేగాక డిసెంబరు చివర తన ఉత్తర్వును తానే నిలిపివేసింది. ఆ కొలతనే మన దగ్గర పెడితే తెలంగాణ మైదానంలో ఊరూరా కనిపించే గుట్టల్లో చాలావాటికి గుట్ట అనిపించుకునే అర్హత ఉండదు. నీటికి మాత్రం ఆ ఎత్తుతో పని లేదు. ముప్పై మీటర్ల గుట్టయినా తన కింది కుంటను నింపుతుంది. పైగా ఒక ఊరి కుంటకు పక్క మండలంలోని గుట్ట నీళ్లివ్వదు. ప్రతి చెరువుకూ తన గుట్ట ఉంది. కాబట్టి సగటు లెక్కలు ఇక్కడ పనికిరావు. రోడ్డూ రైలూ దగ్గరగా ఉన్న చోటే లీజులు గుమికూడతాయి కనుక నష్టం కూడా కొన్ని మండలాల మీదే ఎక్కువగా పడుతుంది.

ఎత్తుతో కొలవలేనివి ఇంకా ఉన్నాయి. రాతి గుహల్లో ఎలుగుబంట్లు, బండ అంచుల మీద గుడ్లు పెట్టే పెద్ద గుడ్లగూబలు, సీతాఫలం పొదలు, చీపురు గడ్డి, మేకల మేత. ఇవేవీ రికార్డులో ఆస్తి కావు. కరీంనగర్ పరిసరాల ఊళ్లలోకి ఎలుగుబంటి రావడం వార్తవుతుంది, అది ఏ గుట్ట నుంచి వెళ్లగొట్టబడిందన్నది వార్త కాదు. వెనక్కి తిరిగి చూస్తే అసలు నష్టం జాబితాలో లేనివాటికే ఎక్కువగా జరిగింది.

దారి ఉంది

కొత్తగా ఏదో కనిపెట్టాల్సిన అవసరం లేదు. ఉన్న చట్టాల్లోనే నమూనాలున్నాయి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా ఖనిజాలకు లీజు ఇవ్వాలంటే గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు ముందుగా ఉండాలి. మరుసటి ఏడాదే, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల భూముల్లో గిరిజనేతరులకు లీజులు చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది. 2012లో దీపక్ కుమార్ కేసులో ఐదు హెక్టార్లలోపు చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని చెప్పింది. చిన్న చిన్న ముక్కలుగా లీజులు తీసుకుని అనుమతి తప్పించుకునే దారిని మూయడం ఆ తీర్పు ఉద్దేశం. మన్యం కొండకు ఉన్న ముందస్తు సంప్రదింపు మైదానపు గుట్టకు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నకు సరైన జవాబు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

చేయాల్సినవి మూడు పనులు. మొదటిది, మిషన్ కాకతీయ కోసం చెరువులను లెక్కపెట్టినట్టే గుట్టలనూ ఊరివారీగా లెక్కపెట్టి, ప్రతి గుట్టకూ అది నీళ్లిచ్చే చెరువు ఏదో పక్కన రాయాలి. రెండోది, చెరువుకు నీళ్లిచ్చే గుట్ట మీద లీజు దరఖాస్తు వస్తే గనుల శాఖ ఒక్కటే నిర్ణయించకుండా నీటిపారుదల శాఖ అభిప్రాయమూ గ్రామసభ తీర్మానమూ తప్పనిసరి చేయాలి. మూడోది, శాసనమో శిల్పమో కోటో ఉన్న గుట్ట విషయంలో రక్షణ గీతను బండ నుంచి కొలవకుండా గుట్ట మొదలు దాకా తీసుకెళ్లాలి. దీనివల్ల రాయి దొరక్కుండా పోదు. చెరువుతో సంబంధం లేని చోట్లు, ఇప్పటికే సగం తవ్వి వదిలేసిన క్వారీలు, చదును నేల కింది రాయి అన్నీ మిగిలే ఉంటాయి. ఇవి కాస్త దూరమో ఖరీదో కావచ్చు. ఆ తేడాను రాయి కొనేవాళ్లు భరించాలి కానీ కుంట కింది రైతు భరించకూడదు.

ప్రభుత్వం ఈ లెక్క మొదలుపెట్టేదాకా ఊళ్లు ఆగనక్కర్లేదు. మీ ఊరి గుట్ట ఏ సర్వే నంబరులో ఉంది, ఎన్ని ఎకరాలు, దాని మీద ఎన్ని లీజులున్నాయి, ఎప్పటిదాకా ఉన్నాయి అన్నవి 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. దరఖాస్తు ఫీజు పది రూపాయలకు మించదు. వచ్చిన జవాబును గ్రామసభలో చదివి, మీ చెరువు ఏ గుట్ట నీటితో నిండుతుందో తీర్మానంలో రాయించండి. లీజు కాగితం వచ్చాక చేసే ధర్నా కన్నా, రాకముందు రాయించిన తీర్మానం ఎక్కువ పనిచేస్తుంది.